కొత్త ఎస్ప్రెస్సో మెషిన్: అపోహలు – వాస్తవాలు

ఇళ్లకు వెళ్లి ఎస్ప్రెస్సో మెషిన్లు బిగించి, వాడకం నేర్పించడం నా పని. ఎక్కువగా హైదరాబాద్‌లోనే, అప్పుడప్పుడు విజయవాడ, వైజాగ్ కూడా. మెషిన్ పెట్టిన కొద్ది రోజులకే చాలా ఇళ్ల నుంచి ఒకటే ఫోన్: "కేఫ్‌లో తాగినట్టు రావట్లేదండీ, మెషిన్‌లో ఏదో ఫాల్ట్ ఉన్నట్టుంది." వెళ్లి చూస్తే మెషిన్ నిక్షేపంగా ఉంటుంది. అది చేసేదల్లా తగినంత వేడిగా ఉన్న నీళ్లను ఒత్తిడితో కాఫీ పొడిలోంచి తోయడం. రుచి సంగతి చాలామటుకు ఆ నీళ్లు పొడికి తగలకముందే తేలిపోతుంది. గింజలు ఎప్పటివి, ఎలా ఆడించారు, నీళ్లు ఎలాంటివి అన్నవే అసలు ప్రశ్నలు. నింద మాత్రం మెషిన్ మోస్తుంది.

అపోహ: అమెరికా నుంచి తెప్పించుకుంటే చౌక

అబ్బాయి డాలస్ నుంచి వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చిన మెషిన్లు ఏటా కొన్ని నా కంట పడతాయి. అవి 120 వోల్టులకు చేసినవి. పిన్ను అడాప్టర్ తగిలించి మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఆ కాస్సేపటికే కాలిన వాసన వస్తుంది. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. 1,500 వాట్ల మెషిన్‌కి కనీసం 2,000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది బరువు, ఖర్చు, వంటగట్టు మీద చోటు దండగ. అదీ కొన్నారనుకోండి, ఇంకో చిక్కు ఉంది. ఇళ్ల మెషిన్లలో ఎక్కువగా ఉండే వైబ్రేషన్ పంపు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి కొట్టుకుంటుంది. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చలేదు కాబట్టి పంపు నెమ్మదిగానే నడుస్తుంది. పైగా అక్కడి వారంటీ ఇక్కడ సాధారణంగా పనికిరాదు.

ఇక్కడ కొన్న మెషిన్ అయినా 16 ఆంపియర్ల పవర్ ప్లగ్‌లోనే పెట్టండి. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్ 1,380 వాట్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. ఇన్వర్టర్ లైన్ మీద అసలు వద్దు.

అపోహ: పెట్టె విప్పగానే మొదటి కప్పు తాగొచ్చు

మొదటి ట్యాంకు నీళ్లు తాగడానికి కాదు, కడగడానికి. వేడినీళ్లు లేదా స్టీమ్ వచ్చే నాబ్ తెరిచి, పంపులో ఉన్న గాలంతా పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా వదలండి. పంపు ఖాళీగా తిరిగితే పాడవుతుంది. కొత్త రబ్బరు వాసన పోవాలంటే ఒకటి రెండు ట్యాంకులు పొడి లేకుండానే పోనివ్వాలి. రోజూ కూడా మొదటి కప్పుకి ముందు, పొడి వేసి బిగించే హ్యాండిల్‌ను ఖాళీగానే బిగించి కొన్ని వేడినీళ్లు పోనిస్తే లోహపు భాగాలు వేడెక్కుతాయి. చల్లటి హ్యాండిల్‌లో దిగిన కాఫీ పుల్లగా ఉంటుంది.

అపోహ: 15 బార్ కంటే 20 బార్ మెషిన్ మేలు

బార్ అంటే ఒత్తిడి కొలత. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే ఆ అంకె పంపు గరిష్ఠంగా ఎంత తోయగలదో చెబుతుంది, అంతే. పొడి దగ్గర కావలసింది సుమారు 9 బార్. 1961లో ఫేమా కంపెనీ పంపుతో పనిచేసే ఈ61 మెషిన్ తెచ్చినప్పటి నుంచి దాదాపు ఇదే లెక్క నడుస్తోంది. మంచి మెషిన్లలో అదనపు ఒత్తిడిని వెనక్కి వదిలేసే వాల్వ్ ఉంటుంది. అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి, ఆ తేడా గ్రైండర్‌కి దాచుకోండి.

అపోహ: ఇంట్లో ఉన్న ఫిల్టర్ కాఫీ పొడే వేసుకోవచ్చు

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇక్కడే తేలతాయి. మన ఫిల్టర్ కాఫీ పొడుల్లో చాలావాటిలో చికోరీ ఉంటుంది. ప్యాకెట్ వెనక 80–20, 60–40 అని రాసి ఉంటుంది చూడండి. మన దేశంలో ఆ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన, అంటే మిగతాదంతా చికోరీ అయినా తప్పు కాదు. చికోరీ ఒక మొక్క వేరు. నీళ్లు తగలగానే ఉబ్బి జిగటగా తయారవుతుంది. ఇత్తడి ఫిల్టర్‌లో నీళ్లు వాటంతట అవే చుక్కచుక్కగా దిగుతాయి కాబట్టి అక్కడ అది డికాషన్‌కి చిక్కదనం ఇస్తుంది, ఆ రుచిని తప్పు పట్టేవాడిని కాదు నేను. మెషిన్‌లో మాత్రం ఆ జిగటే, హ్యాండిల్‌లో పొడి వేసే గిన్నె (బాస్కెట్) రంధ్రాలకీ పైనున్న జల్లెడకీ పట్టేసి దారి మూసేస్తుంది. వంద శాతం కాఫీ అని ఉన్నదే వాడండి.

ఆడించడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మిక్సీలో వేస్తే సగం పిండిలా, సగం రవ్వలా వస్తుంది. రవ్వ చుట్టూ నీళ్లు జారిపోతాయి, పిండి మాడిన చేదు ఇస్తుంది. రెండూ ఒకే కప్పులో పడతాయి. కాఫీకి బర్ గ్రైండర్ కావాలి, అంటే బ్లేడుతో కొట్టకుండా గింజలను రెండు పళ్ల చక్రాల మధ్య నలిపేది. చేత్తో తిప్పేదైనా సరే, ఎస్ప్రెస్సోకి సరిపడా సన్నగా ఆడగలిగితే చాలు.

గ్రైండర్ కొనేదాకా ఏం చేయాలంటారా? మెషిన్‌తో వచ్చిన బాస్కెట్లను లైటుకి ఎత్తి పట్టుకుని చూడండి. అడుగంతా సన్న రంధ్రాలు కనిపిస్తే అది సింగిల్ వాల్. లోపల రంధ్రాలున్నా కింద ఒక్క సూదిబెజ్జమే ఉంటే డబుల్ వాల్. ఆ బెజ్జమే ఒత్తిడి పుట్టిస్తుంది కాబట్టి కొట్లో ఆడించిన పొడితోనూ పని జరిగిపోతుంది. రుచి ఓ మోస్తరుగా ఉంటుంది.

సింగిల్ వాల్‌కి మారాక ఒక చిన్న డిజిటల్ కాటా తప్పనిసరి. నేను ఇళ్లలో చూపించేది ఇది. 18 గ్రాముల పొడి పట్టే బాస్కెట్ అయితే 18 వేసి, కప్పులో 36 గ్రాములు పడేసరికి ఆపాలి. బటన్ నొక్కినప్పటి నుంచి 25–30 సెకన్లు పట్టాలి. పది పన్నెండు సెకన్లలోనే లేత పసుపు రంగులో బుసబుసా పోసేస్తే, తాగినప్పుడు నాలుక పక్కలు గుంజుకునేంత పులుపు ఉంటుంది. గ్రైండ్ ఒక మెట్టు సన్నగా చేయండి. అర నిమిషం గడిచినా నల్లగా చుక్కలే పడుతుంటే ఒక మెట్టు బరకగా చేయండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. పొడి బరువు, గ్రైండ్, గింజల బ్రాండు అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. గ్రైండ్ మార్చాక మొదటి కప్పులో పాత పొడి కొంత కలిసే ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు.

అపోహ: ఎంత గట్టిగా నొక్కితే అంత స్ట్రాంగ్

పొడి ఒకసారి గట్టిపడ్డాక ఇంకా బలం పెట్టినా పెద్ద తేడా రాదు, మణికట్టు నొప్పి తప్ప. చూసుకోవలసింది పొడిని నొక్కే టాంపర్ సమంగా దిగిందా లేదా అన్నది. ఒక వాలు ఉంటే నీళ్లు పల్చటి వైపు నుంచి దారి చేసుకుపోతాయి.

అపోహ: ఇవాళ వేయించిన గింజలైతే ఇంకా బాగుంటాయి

వేయించిన గింజల్లోంచి కొన్ని రోజులపాటు కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తూనే ఉంటుంది. మరీ తాజావైతే ఆ గ్యాస్ నీళ్లను సరిగ్గా పోనివ్వదు. వారం పది రోజులు ఆగి మొదలుపెట్టి, నెలా నెలన్నరలో ముగించేలా కొనుక్కోండి. ప్యాకెట్ మీద రోస్ట్ తేదీ లేకపోతే నేనైతే కొనను. అరకు లోయ అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మన్యంలో పండిన ఆ గింజలు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే తేలిగ్గా దొరుకుతున్నాయి, మొదట్లో మీడియం రోస్ట్ తీసుకోండి. లైట్ రోస్ట్ కొత్తవాళ్లను ఏడిపిస్తుంది.

క్రీమా గురించీ ఒక మాట. పైన మందంగా కట్టే ఆ బంగారు రంగు నురగ చూసి మురిసిపోతారు. రోబస్టా రకం గింజలు కలిస్తే అది ఎక్కువే వస్తుంది, డబుల్ వాల్ బాస్కెట్ అయితే పాతబడ్డ పొడితో కూడా నురగ లేపుతుంది. నురగ చూసి కాఫీ మంచిదనుకోలేం.

అపోహ: చిక్కటి గేదె పాలకే నురగ బాగా వస్తుంది

నురగ నిలబెట్టేది పాలలోని ప్రొటీన్. వెన్న రుచినీ నునుపునీ ఇస్తుంది. 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాల ప్యాకెట్‌తో చక్కటి నురగ వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే జగ్గులో పోయండి, చల్లగా ఉంటే నురగ పట్టడానికి ఎక్కువ టైమ్ దొరుకుతుంది. కాచిన పాలే ఉంటే చల్లార్చి, మీగడ పూర్తిగా తీసేసి వాడండి. స్టీమ్ గొట్టం కొస పాల పైపొరకి ఆనీ ఆననట్టు పెడితే కాగితం చింపినట్టు చిన్న చప్పుడు వస్తుంది. జగ్గు గోరువెచ్చగా కాగానే కొసను కొద్దిగా లోపలికి దించి పాలు సుడి తిరగనివ్వండి. జగ్గును చేయి ఇక పట్టుకోలేనంత వేడెక్కితే ఆపేయాలి, అది సుమారు 60–65 డిగ్రీలు.

పెద్దవాళ్లున్న ఇళ్లలో గొడవంతా ఇక్కడే. "ఏం కాఫీ అమ్మా ఇది, గోరువెచ్చగా" అని పక్కన పెట్టేస్తారు. పొగలు కక్కే కాఫీ అలవాటైన నోటికి 65 డిగ్రీలు చల్లారిన కాఫీయే. 70 దాటితే పాల తీపి తగ్గిపోతుంది, నురగ విరిగిపోతుంది. కప్పును ముందే మరిగే నీళ్లతో కడిగి ఇవ్వండి, సగం ఫిర్యాదు పోతుంది. మిగతా సగానికి ఇత్తడి ఫిల్టర్ ఇంట్లో ఎలాగూ ఉంది.

అపోహ: ఆర్వో నీళ్లు పోస్తే చాలు, మెయింటెనెన్స్ అక్కర్లేదు

బోరు నీళ్లు నేరుగా పోస్తే కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి పొరే మెషిన్ లోపలా పేరుకుంటుంది. అందుకని ఆర్వో పోస్తారు. చాలా ఇళ్లలో ఆర్వో నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 20, 30కి పడిపోయి ఉంటుంది. లవణాలు బొత్తిగా లేని నీళ్లతో కాఫీ చప్పగా ఉంటుంది. బాయిలర్‌లో నీటిమట్టాన్ని కరెంటు ప్రవాహం ద్వారా కనిపెట్టే మెషిన్లు ఆ నీళ్లను సరిగ్గా గుర్తించలేవు. ఆర్వోలో టీడీఎస్ అడ్జస్టర్ ఉంటే 100–150 మధ్యకు తెమ్మని మెకానిక్‌కి చెప్పండి.

డీస్కేలింగ్ వేరు, బ్యాక్‌ఫ్లష్ వేరు. మొదటిది లోపలి సున్నాన్ని కరిగిస్తుంది. దానికి కంపెనీ చెప్పిన మందే వాడండి, వెనిగర్ వాసన రోజుల తరబడి వదలదు. రెండోది రంధ్రాల్లేని బాస్కెట్ పెట్టి నీళ్లను వెనక్కి తోయించి కాఫీ జిడ్డుని తీస్తుంది, కప్పు దిగాక మిగిలిన ఒత్తిడిని బయటికి వదిలేసే త్రీ-వే వాల్వ్ ఉన్న మెషిన్లకే చేయాలి. మీ దానికి ఉందో లేదో మాన్యువల్‌లో ఉంటుంది. స్టీమ్ గొట్టాన్ని పాలు పట్టిన వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలండి. రాత్రి పడుకోబోయే ముందు డ్రిప్ ట్రే ఖాళీ చేసి ఆరబెట్టండి. తడి, వెచ్చదనం, కాఫీ పిప్పి ఒకేచోట ఉంటే బొద్దింకలు అక్కడే కాపురం పెడతాయి, బోర్డు షార్ట్ అయిన మెషిన్ విప్పితే లోపల అవే కనిపిస్తాయి. వారంటీ వాటికి వర్తించదు.