కోటి ప్రశ్న దగ్గర లేచిపోయినాయన

దేవరకొండ,
ఆదివారం పొద్దున

అఖిల్‌కు, శ్రావ్యకు తాత ఆశీస్సులు.

మీరు వెళ్ళి వారమైంది. ఫోన్ చార్జర్ మంచం మీదే మరిచిపోయారు. బత్తాయిల సంచిలో పెట్టి ఆర్టీసీ పార్శిల్‌లో పంపుతున్నాను, ఎంజీబీఎస్‌లో తీసుకొమ్మని మీ నాయనకు చెప్పండి.

సంక్రాంతి రాత్రి ఫోన్‌లో పాత 'కౌన్ బనేగా కరోడ్‌పతి' చూశాం కదా. కోటి రూపాయల ప్రశ్న దగ్గర ఒకాయన ఇక చాలని 50 లక్షలతో లేచిపోయాడు. "పిరికోడు తాతా" అన్నాడు అఖిల్. అప్పుడు నిద్ర ముంచుకొస్తోంది, ఏమీ అనలేదు. కానీ ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి, లెక్క తేలకపోతే ఊరుకోలేను. మరునాడు క్యాలెండర్ వెనక లెక్క వేశాను. ఆయన పిరికోడు కాదురా అబ్బాయ్.

ఈ ఆట మన దగ్గర పుట్టింది కాదు. 1998 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ టీవీలో మొదలైంది. 2000 జూలై 3న అమితాబ్ బచ్చన్ హిందీలో మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదికి ఆఖరి ట్రిప్పులో జనమే ఉండేవాళ్ళు కాదు. తెలుగులో 2014లో నాగార్జునతో వచ్చింది, తర్వాత చిరంజీవి, 2021లో ఎన్టీఆర్ నడిపారు. ఆ 2021లోనే కొత్తగూడెం వైపు ఎస్సై ఒకాయన కోటి గెలిచాడు.

మొదట్లో హిందీలో మెట్లు 15. వెయ్యితో మొదలై, దాదాపు ప్రతిసారీ రెట్టింపవుతూ కోటి దాకా పోతుంది. మధ్యలో రెండు చోట్ల కాలు ఊనుకోవచ్చు, 10 వేల దగ్గర ఒకటి, 3 లక్షల 20 వేల దగ్గర ఒకటి. ఆ మెట్టు దాటాక ఎక్కడ తప్పినా అక్కడికే జారతావు, అంతకన్నా కిందికి పోవు. జవాబు చెప్పకుండా ఆపేస్తే అప్పటిదాకా గెలిచిందంతా నీదే. ఆట కిటుకంతా ఇక్కడే ఉంది. ప్రశ్నలు కష్టం కావడం ఒక ఎత్తు, తప్పు జవాబు ఖరీదు పెరగడం ఇంకో ఎత్తు. 3 లక్షల 20 వేలు గెలిచిన వెంటనే వచ్చే పదకొండో ప్రశ్న ఉంది చూడండి, దానికి తెలిసినా తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పాలి. తప్పినా పైసా పోదు. అక్కడ ఆపేసి లేచేవాళ్ళను చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు మన మనిషి సంగతి. చేతిలో 50 లక్షలున్నాయి. జవాబు కుదిరితే ఇంకో 50 లక్షలు. తప్పితే 3 లక్షల 20 వేలకు పడతాడు, అంటే 46 లక్షల 80 వేలు పోతాయి. వచ్చేదే ఎక్కువ కదా అంటావు. పన్ను కట్టి చూడు. మన దేశంలో ఇలాంటి ఆటల్లో గెలిచిన డబ్బుకు 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. మొత్తం 50 లక్షలు దాటితే ఆ పన్ను మీద ఇంకో 10 శాతం సర్‌చార్జి. వేరే ఆదాయం లేదనుకుంటే, 50 లక్షల్లో ఆయన ఇంటికి తీసుకుపోయేది 34 లక్షల 40 వేలు. కోటిలో 65 లక్షల 68 వేలు. 3 లక్షల 20 వేలల్లో 2 లక్షల 20 వేలు. అంటే గెలిస్తే అదనంగా వచ్చేది 31 లక్షల చిల్లర, ఓడితే పోయేది 32 లక్షల చిల్లర. టీవీలో కోటి చెక్కు చూపిస్తారు గానీ ఈ లెక్క చూపించరు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో రెండు ఎగిరిపోయి రెండే మిగిలినా, గుడ్డిగా నొక్కితే ఆయనకు నష్టమే.

నాకు ఈ బుద్ధి బోరు దగ్గర వచ్చింది. బత్తాయి తోట ఎండిపోతుంటే, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే ఆయన చూపించిన చోట బోరు బండి పెట్టించాను. 400 అడుగులకు తడి మట్టి వచ్చింది. "ఇంకో యాభై వేద్దామా పెద్దాయనా?" అన్నాడు బండాయన. వేయమన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వేయమన్నాను. 620 దగ్గర తెల్లటి దుమ్ము తప్ప చుక్క లేదు. నీళ్ళున్నాయని నాకు తెలుసా? తెలియదు. ఉన్నట్టు అనిపించింది, అంతే.

తెలుసు, తెలిసినట్టుంది. ఈ రెండింటి మధ్య సందులోనే ఆ షో నడుస్తుంది. నాలుగింటిలో అబద్ధం జవాబులు మూడు పెడతారే, వాటిలో ఒకటి మన నాలుక మీద ముందే ఉన్నది పెడతారు. నాగార్జునసాగర్ శంకుస్థాపన ఎప్పుడని శ్రావ్య అడిగితే నేను 1956 అని గట్టిగా చెప్పలేదూ? ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదితో కలిపేసుకున్నాను. నెహ్రూ వచ్చి రాయి వేసింది 1955 డిసెంబర్ 10న. అంత ధీమాగా ఆ కుర్చీలో చెప్పి ఉంటే నా పని అయిపోయేది. మీ నాయనమ్మ ఇంకా నవ్వుతోంది.

ఆడియన్స్ పోల్, అంటే జవాబు తెలియనప్పుడు హాల్లో కూర్చున్న జనాన్ని అడగడం, ఎట్లా పనిచేస్తుందని కూడా అడిగారు. వంద మంది కూర్చున్నారనుకోండి, 20 మందికే జవాబు తెలుసు. మిగతా 80 మంది తోచింది నొక్కితే నాలుగు జవాబులకూ ఇరవై చొప్పున పంచుకుపోతారు. సరైనదానికి మాత్రం 40 పడతాయి. తెలియనివాళ్ళు చెదిరిపోతారు, తెలిసినవాళ్ళు ఒకచోట చేరతారు. కానీ నాలాగా అందరూ 1956 అనుకునే ప్రశ్న వస్తే జనమంతా కలిసి ముంచుతారు. అందుకే దాన్ని ఆఖరి దాకా దాచుకోకూడదు.

ఇంత డబ్బు ఎక్కడిది అంటే, ముఖ్యంగా ప్రకటనలది. జనం ఫోన్లు, మెసేజులు కూడా. 2007లో చూసేవాళ్ళకు పెట్టిన పోటీలో ఒక్కో ఎస్సెమ్మెస్‌కు 2 రూపాయల 40 పైసలు తీసుకున్నారు. బహుమతి డబ్బు అందులోంచే వస్తోందని కేసు వేస్తే, వినియోగదారుల కమిషన్ కోటి రూపాయలు కట్టమంది. చాలా ఏళ్ళకు సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అమెరికా షోకైతే బహుమతి డబ్బుకు బీమా చేసినవాళ్ళు, ప్రశ్నలు మరీ తేలికగా ఉన్నాయని కోర్టుకెక్కారు!

జవాబులు ముందే చెప్పేస్తారా అన్నది శ్రావ్య అనుమానం. 1950లలో అమెరికాలో వేరే క్విజ్‌లలో నిజంగానే చెప్పారు. బయటపడ్డాక, 1960లో అది నేరమని చట్టం చేశారు. ఇంగ్లండ్‌లో 2001లో ఒక సైన్యపు మేజర్ పది లక్షల పౌన్ల దాకా పోయాడు. సరైన జవాబు పలికినప్పుడల్లా హాల్లో ఎవరో దగ్గుతున్నారు. డబ్బు ఇవ్వలేదు, 2003లో కోర్టు శిక్ష వేసింది. అఖిల్, నువ్వు క్లాసులో దగ్గడం మానెయ్.

ఇంకొకటి, మీ నాయనకు చెప్పొద్దు. పోయినేడు నాకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, అమితాబ్ ఫొటోతో, 25 లక్షల లాటరీ తగిలిందని. ఫోన్ చేస్తే ఎంత మర్యాద! ముందు పన్ను కింద 8,500 పంపమన్నాడు. బ్యాంకు దాకా పోయాను కూడా. క్యూలో నిలబడ్డాక తట్టింది, నేను ఏ పోటీకీ ఫోన్ చేయందే లాటరీ ఎట్లా తగులుతుంది? నిజం షోలో డబ్బు గెలిస్తే పన్ను కోసుకుని మిగిలింది ఇస్తారు, ముందు కట్టమనరు. ఆ నంబరు +92తో మొదలైంది, అది మన దేశపుది కాదు. అట్లాంటివి వస్తే 1930కి ఫోన్ చేసి చెప్పాలి.

ఈ ఎండాకాలం ఇంకో బోరు వేద్దామంటున్నాడు మీ నాయన. సరేనన్నాను. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో ఇప్పుడే కాగితం మీద రాశాను. బండాయన ఎంత మర్యాదగా అడిగినా నాకు ఇవ్వొద్దని చెప్పి, ఆ కాగితం మీ నాయనమ్మ చేతికిచ్చాను.

చార్జర్ అందగానే ఫోన్ చేయండి.

మీ తాత