చౌక ప్రీమియం వెనుక ఉన్న పాత లెక్క

ఆరోగ్య బీమా కొందామని కూర్చున్నవాళ్ల కళ్లు ముందుగా ప్రీమియం మీద పడతాయి. ఏది చౌక, ఏది ఖరీదు అన్నది అక్కడే తేలిపోతుందనుకుంటారు. తీరా పాలసీ చదవడం మొదలుపెడితే వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం), డిడక్టిబుల్ (బీమా డబ్బు రావడానికి ముందు మన జేబు నుంచి పెట్టుకోవాల్సిన మొత్తం), కో-పే (బిల్లులో మన వంతు), నెట్‌వర్క్ ఆసుపత్రులు (కంపెనీతో ఒప్పందం ఉన్నవి) అంటూ ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడతాయి. జనాన్ని తికమక పెట్టడానికే కంపెనీలు ఇవన్నీ కనిపెట్టాయని చాలామందికి కోపం. ఆ కోపంలో కొంత న్యాయం ఉంది. అయితే వీటిలో చాలావాటి వెనుక ఉన్న సమస్య మాత్రం ఒక్కటే, అది ఇప్పటి కంపెనీల కంటే పాతది: జబ్బు భయం ఉన్నవాళ్లే బీమా కోసం వస్తే డబ్బు ఎవరు కట్టాలి?

1883లో జర్మనీ ఈ ప్రశ్నకు మొహమాటం లేకుండా జవాబు చెప్పింది. ఆ ఏడాది చేసిన చట్టం ప్రకారం, అది వర్తించే పరిశ్రమల్లోని కార్మికులంతా జబ్బు బీమాలో చేరి తీరాలి. చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడిది, ఒక వంతు యజమానిది. జబ్బుపడితే వైద్యం, మందులతో పాటు 13 వారాల దాకా జీతంలో సగం వరకు భత్యం వచ్చేది. ఆ రోజుల్లో వైద్యుడి ఫీజు కంటే పనికి పోలేకపోవడమే పెద్ద దెబ్బ, అందుకే భత్యానికి అంత ప్రాధాన్యం. చాన్సలర్ బిస్మార్క్‌కు కార్మికుల మీద ప్రేమ పొంగి ఈ చట్టం తేలేదు. వాళ్లు సోషలిస్టుల వైపు పోకుండా చూసుకోవడం ఆయనకు ముఖ్యం. ఉద్దేశం ఏదైనా, ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా తప్పించుకోకుండా చందా కట్టాడు, లెక్క నిలబడింది.

బ్రిటన్ 1911లో ఇదే దారి పట్టింది. కార్మికుడు వారానికి నాలుగు పెన్నీలు, యజమాని మూడు, ప్రభుత్వం రెండు. కార్మికుడికి బీమా ఉంది కానీ అతని భార్యాపిల్లలకు వైద్యం లేదు. ఆ లోటు తీరడానికి 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యే దాకా ఆగాల్సి వచ్చింది.

బలవంతం లేని చోట కథ వేరేగా నడిచింది. 1929లో అమెరికాలోని డల్లాస్‌లో బేలర్ ఆసుపత్రి వసూలు కాని బిల్లులతో సతమతమవుతోంది. దాని బాధ్యతలు చూడటానికి వచ్చిన జస్టిన్ ఫోర్డ్ కింబల్ అంతకు ముందు ఆ నగర పాఠశాలలకు సూపరింటెండెంటు. బాకీదారుల జాబితాలో ఆయనకు టీచర్ల పేర్లు కనబడ్డాయి. టీచర్ల కోసం గతంలో నడిపిన జబ్బు సహాయ నిధి లెక్కలు కూడా ఆయనకు తెలుసు, అంటే ఎంతమంది ఎన్నాళ్లు మంచం పడతారో ఒక అంచనా ఉంది. నెలకు అర డాలరు కడితే ఏడాదిలో 21 రోజుల దాకా ఆసుపత్రి ఖర్చు తమదేనన్నాడు. వెయ్యి మందికి పైగా టీచర్లు చేరారు.

ఈ పథకంలో చూడాల్సింది అర డాలరు కాదు. టీచర్లంటే రోజూ పనికి వచ్చేవాళ్లు, అంటే మొత్తం మీద ఆరోగ్యవంతులు. పైగా బీమా కోసం గుంపు కట్టినవాళ్లు కారు, ఉద్యోగం వల్ల అప్పటికే గుంపుగా ఉన్నవాళ్లు. ఒంట్లో బాగోలేదని తెలిసి వచ్చి చేరేవాళ్ల బెడద అందులో తక్కువ. చౌక అక్కడి నుంచి వచ్చింది. ఆర్థిక మాంద్యం ముదిరి పడకలు ఖాళీ అవుతుంటే మిగతా ఆసుపత్రులూ ఇదే పట్టుకున్నాయి. ఆసుపత్రి ఖర్చులకు బీమా ఇచ్చే బ్లూ క్రాస్ పథకాలు ఇలా పుట్టినవే. మొదట్లో వాటిలో ఒక ప్రాంతంలోని వాళ్లందరికీ దాదాపు ఒకే రేటు ఉండేది.

ఆ ఒకే రేటు ఎక్కువ కాలం నిలవలేదు. వ్యాపార బీమా కంపెనీలు రంగంలోకి దిగి, కుర్రవాళ్లు ఎక్కువగా ఉన్న సంస్థల దగ్గరకు వెళ్లి ‘మీ వాళ్లకు జబ్బులు తక్కువ, మీకు తక్కువకే ఇస్తాం’ అన్నాయి. ఎవరు కాదంటారు? ఆరోగ్యవంతులు అటు తరలిపోతే పాత పథకాల్లో పెద్దవాళ్లు, జబ్బుమనుషులు మిగిలి వాటి రేట్లు పెరిగాయి. చివరికి అవి కూడా గుంపును బట్టి రేటు కట్టక తప్పలేదు. ఇదే సమయంలో మరొకటి తోడైంది. 1942లో యుద్ధం కారణంగా అమెరికా ప్రభుత్వం జీతాల పెంపుపై ఆంక్షలు పెట్టింది, బీమా సదుపాయాన్ని మాత్రం ఆ లెక్కలోకి తీసుకోలేదు. పనివాళ్లను ఆకర్షించడానికి యజమానులకు అదొక దారి అయింది. 1954లో పన్ను మినహాయింపు కూడా చట్టంలో ఖాయమైంది. ఉద్యోగం ఉన్నవాడికి బీమా ఉంది. ముసలితనం వచ్చి, ఉద్యోగం పోయి, బీమా నిజంగా అవసరమయ్యే వయసులో అది దొరకదు. 1965లో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వచ్చింది 65 దాటినవాళ్ల కోసమే.

ఆర్థికవేత్త జార్జ్ ఆకర్లాఫ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో ఈ వృద్ధుల ఉదాహరణే తీసుకున్నాడు. ధర పెంచితే సమస్య తీరదు, ముదురుతుంది. పెరిగిన ధర కట్టడానికి సిద్ధపడేవాళ్లు, ఆ అవసరం తమకు తప్పదని నమ్మకం ఉన్నవాళ్లే. మిగిలినవాళ్లు తప్పుకుంటారు, ధర మళ్లీ పెరుగుతుంది. ఆ వ్యాసాన్ని అంతకు ముందు మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది.

దీన్ని కళ్లారా చూపించిన ఘటన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోనే జరగడం విచిత్రం. అక్కడి ఉద్యోగులకు కొన్ని బీమా ప్లాన్లు ఉండేవి. ఖరీదైన ప్లాన్ ఎంచుకున్నవాళ్లకు ఆ అదనపు ఖర్చులో చాలా భాగం సంస్థే భరించేది. 1995లో ఆ పద్ధతి మార్చి, ఏ ప్లాన్‌కైనా సంస్థ ఇచ్చేది ఒకే మొత్తం, తేడా ఉద్యోగి జేబులోంచే అన్నారు. అన్నిటికంటే ఉదారమైన ప్లాన్ నుంచి వయసులో ఉన్నవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చౌక ప్లాన్లకు మారారు. మిగిలినవాళ్ల ఖర్చు ఎక్కువ కాబట్టి ప్రీమియం పెరిగింది. పెరిగేసరికి ఇంకొందరు జారుకున్నారు. 1997కల్లా ఆ ప్లాన్ ఎత్తేశారు. ఎవరూ మోసం చేయలేదు, ఎవరి లెక్క వాళ్లు సరిగ్గానే చూసుకున్నారు.

ముందే ఉన్న జబ్బులకు కొన్నేళ్లు క్లెయిమ్ ఇవ్వమనే నిబంధన ఈ గొలుసును తెంచడానికి పుట్టిందే. డిడక్టిబుల్‌ది మరో వాదన: చేతి నుంచి కొంత పడితేనే జనం అనవసరంగా డాక్టరు దగ్గరకు పరిగెత్తరని. ఇది ఎంతవరకు నిజమో తేల్చడానికి అమెరికాలోని ర్యాండ్ పరిశోధన సంస్థ 1970ల నుంచి 1982 దాకా వేలమందితో పెద్ద ప్రయోగం చేసింది. కొందరికి వైద్యం ఉచితం, మిగతావాళ్లు రకరకాల వంతుల్లో ఖర్చు భరించాలి. జేబు నుంచి పెట్టుకోవాల్సినవాళ్లు వైద్యం తగ్గించుకున్నమాట నిజమే. అయితే అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ తగ్గించుకున్నారు. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు కానీ, రక్తపోటు ఉన్న పేదవాళ్లకు ఉచిత వైద్యంలోనే మేలు జరిగింది. ఇన్సూరెన్స్ వాళ్లు మొదటి సగాన్ని చెప్పినంత గట్టిగా రెండో సగాన్ని చెప్పరు.

తర్వాత వచ్చిన ప్రయత్నాలన్నీ జర్మనీ పాత జవాబునే మార్కెట్ రూపంలో మళ్లీ తెచ్చాయి. స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి ప్రాథమిక బీమా అందరికీ తప్పనిసరి, అందులో ఎవరినీ కంపెనీ కాదనకూడదు. నెదర్లాండ్స్ 2006లో అదే చేసింది. అమెరికా కూడా 2010లో బీమా తప్పనిసరి అంటూ చట్టం చేసి, 2013 అక్టోబరు 1న ఆన్‌లైన్ బీమా సంత తెరిచింది. సైటు మొరాయించి మొదటి రోజు చేరగలిగింది ఆరుగురే. అక్కడి ప్లాన్లకు కంచు, వెండి, బంగారం, ప్లాటినం అని పేర్లు. సగటున వైద్యం ఖర్చులో సుమారు 60 శాతం ప్లాన్ భరిస్తే కంచు, 90 శాతమైతే ప్లాటినం. బీమా తీసుకోనివాళ్లపై జరిమానాను 2019 నుంచి సున్నా చేశారు. ప్రభుత్వ సబ్సిడీ మాత్రం కొనసాగడంతో సంత కూలిపోలేదు.

ఇన్ని ప్లాన్లు పక్కపక్కన పెడితే జనం తమకు సరిపడేది ఏరుకుంటారన్నది ఈ సంతల వెనుక నమ్మకం. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో ముగ్గురు పరిశోధకులు ఒక పెద్ద అమెరికన్ కంపెనీ ఉద్యోగుల ఎంపికలు పరిశీలించారు. సగానికి పైగా ఉద్యోగులు తక్కువ డిడక్టిబుల్ కోసం ఎంత అదనపు ప్రీమియం కట్టారంటే, ఏడాదంతా ఆసుపత్రిలోనే ఉన్నా ఆ డబ్బు తిరిగి రాదు. ప్లాన్లు మరీ ఎక్కువై తికమకపడ్డారేమో అనుకుని జాబితా కుదించి చూసినా పెద్దగా మారలేదు. తక్కువ జీతం వాళ్లు, వయసు పైబడినవాళ్లు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు ఇలా నష్టపోయే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువని తేలింది.