అయిపోతుందేమోనని ముగించబుద్ధి కాని పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

చెన్నై టి.నగర్‌లో తెలుగు పుస్తకాల లెండింగ్ లైబ్రరీ నడుపుతున్నందువల్ల, చదువరుల ఇష్టాల గురించి లోకం అనుకునేదానికీ మా రిజిస్టరులో కనిపించేదానికీ ఉన్న తేడాను తరచూ గమనిస్తుంటాను.

అపోహ: బాగా నచ్చిన పుస్తకాన్ని ఎవరైనా ఏకబిగిన చదివేస్తారు.

వాస్తవం: ఏకబిగిన చదివించేది ఉత్కంఠ, అయిపోతుందేమోనన్న బెంగ పుట్టించేది మాత్రం ఆ పాత్రల మధ్య, ఆ ఊళ్లో ఇంకొన్నాళ్లు ఉండిపోవాలన్న కోరిక. దక్షిణాఫ్రికా మనస్తత్వ శాస్త్రవేత్త విక్టర్ నెల్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, సరదా కోసం చదివేవారు తమకు అన్నిటికంటే నచ్చిన పేజీల దగ్గర వేగం తగ్గించుకుంటారని తేలింది. మా దగ్గర డిటెక్టివ్ నవల మర్నాడే తిరిగివస్తుంది గానీ, నాలుగు తరాల కుటుంబ కథను పట్టుకెళ్లిన మామ్మగారు మాత్రం చివరి అధ్యాయం ముందు రిబ్బను ముక్క పెట్టుకుని వచ్చి, “ఇంకో వారం రాయి నాయనా, కొంచెమే మిగిలింది” అంటారు. కొంచెమే మిగిలితే వారం ఎందుకని ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ అడగరు.

వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు చింపి కుట్టించిన పాత బైండు పుస్తకాల విషయంలోనూ ఇంతే. తరువాయి భాగం పక్క పేజీలోనే ఉన్నా, “సశేషం” అని కనిపించిన చోట ఆ పూటకు ఆపేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: కథ ముందే తెలిస్తే చదవడంలో రుచి ఉండదు.

వాస్తవం: శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చిన్న కథలతో చేసిన ప్రయోగాల్లో, ముగింపు ముందే తెలిసినవారికే కథలు కాస్త ఎక్కువగా నచ్చాయి. తరువాతి ప్రయోగాలన్నీ దీన్ని బలపరచలేదు. అయినా, తెలిసిన భారత కథ కోసమే హరికథకు వెళ్లి తెల్లవార్లూ కూర్చున్న జాతికి ఈ సంగతి ప్రయోగశాల చెప్పాలా?

అపోహ: లావు పుస్తకమైతేనే అందులో లీనమవుతాం.

వాస్తవం: కాదు. నూరు పేజీల పుస్తకాన్నీ మూడుసార్లు గడువు పెంచుకుని ఉంచుకునేవారున్నారు.

అపోహ: కొనసాగింపు వస్తే పుస్తకం అయిపోతుందన్న బెంగ తీరుతుంది.

వాస్తవం: అరుదుగా తీరుతుంది. మొగల్తూరు కుర్రవాణ్ని మద్రాసు మీదుగా సీమకు, అంటే ఇంగ్లండుకు, పంపిన మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ తొలి భాగం 1924లో వచ్చింది. ఆ తరువాత మరో రెండు భాగాలు వెలువడ్డాయి. మూడూ ఒకేసారి తీసుకెళ్లినవారు కూడా మళ్లీ అడిగేది తొలి భాగాన్నే, కాబట్టి దానికి రెండో ప్రతి కొని ఉంచాను.