నకలు అనుకుని పక్కన పెట్టిన ఏథెన్స్ శాసనం

ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ జాతీయ మ్యూజియం స్టోరులో ఒక పాలరాతి ఫలకం 1880ల నుంచి పడి ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో అలాంటి శాసనమే ఉండటంతో, ఇది దాని నకలే అనుకున్నారు. నకలని ముద్ర పడ్డాక దాని జోలికెవరు పోతారు? బ్రిటన్‌లో ఉన్న ఏథెన్స్ శాసనాలన్నిటినీ పరిష్కరించి అనువదించే పనిలో ఉన్న మాంచెస్టర్ యూనివర్సిటీ పరిశోధకుడు పీటర్ లిడెల్, ఆయన సహచరులు రాయిని స్వయంగా చూశాక సంగతి తేలింది. అది నకలు కాదు, వేరే శాసనం. 2022లో ఈ వార్త బయటికొచ్చింది.

అందులో ఉన్నది 31 మంది కుర్రాళ్ల జాబితా. రోమన్ చక్రవర్తి క్లాడియస్ కాలం, అంటే క్రీ.శ. 41-54 నాటిది. ఫిలిప్పోస్ కొడుకు అట్టికోస్ తనతో పాటు శిక్షణ పొందిన స్నేహితుల పేర్లు చెక్కించాడు. కొన్ని పేర్లు పూర్తిగా కూడా లేవు. థియోజెనీస్ అనాల్సిన చోట థియోగాస్, డయోనిసోడోరోస్‌ను డయోనిసాస్ అని, వాళ్లు ఒకరినొకరు పిలుచుకున్నట్టే రాయించాడు. రెండు వేల ఏళ్ల కిందటి ఆ చనువు రాతి మీద అలాగే ఉంది. నాకు ఈ శాసనంలో అన్నిటికన్నా విలువైనది అదే.

ఎఫీబులని పిలిచే ఈ యువకుల శిక్షణకు అప్పటికే చాలా చరిత్ర ఉంది. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో 18 ఏళ్లు నిండిన ఏథెన్స్ పౌరులు రెండేళ్లు సైనిక శిక్షణ పొందేవారు. మొదటి ఏడాది ముగిశాక నగరమే వాళ్లకు డాలు, ఈటె ఇచ్చేదని అరిస్టాటిల్ పేరుతో నిలిచిన ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథం చెబుతుంది. రోమన్ల కాలానికి అందులో యుద్ధం వెనక్కి పోయి, చదువు, వ్యాయామం, పలుకుబడిగల కుటుంబాల పరిచయాలు ముందుకొచ్చాయి. పౌరులు కానివాళ్లకూ చోటు దొరికింది. అందుకే ఇలాంటి ప్రతి జాబితా చరిత్రకారులకు అవసరం.

మరి ఇన్నాళ్లూ ఎందుకు మరుగున పడింది? 18, 19 శతాబ్దాల్లో యాత్రికులు, దౌత్యవేత్తలు, నావికాధికారులు గ్రీకు నేల నుంచి దొరికినవి దొరికినట్టు పట్టుకుపోయారు. పురావస్తువుల రక్షణకు గ్రీసు 1834లోనే చట్టం చేసినా తరలింపు ఆగలేదు. తర్వాత వారసులు అవే మ్యూజియంలకు, యూనివర్సిటీలకు ఇచ్చేశారు. బొమ్మలున్న కుండలు అద్దాల బీరువాల్లోకి ఎక్కాయి. చెక్కిన రాళ్లు, పెంకులు పెట్టెల్లోకి పోయాయి. రిజిస్టర్‌లో ఎవరో ఒకసారి రాసిన ఒక్క వాక్యాన్నే తర్వాతివాళ్లంతా నమ్ముకుంటూ వచ్చారు.

మ్యూజియంలో వాలంటీరుగా చేరిన విద్యార్థికి నిజమైన పరిశోధన దొరికేది సరిగ్గా ఇక్కడే. వస్తువు అడుగున పాత సిరాతో వేసిన నంబరు, రిజిస్టర్‌లోని వరస, దాత రాసిన ఉత్తరం, ఈ మూడూ కలుస్తున్నాయా లేదా చూడటం పెద్ద పనే. పురావస్తువుల అక్రమ రవాణాను అడ్డుకోవడానికి చేసుకున్న 1970 యునెస్కో ఒప్పందం తర్వాత, వస్తువు ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న ప్రశ్నకు బరువు పెరిగింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో కొన్న, ప్రాచీన గ్రీకు చిత్రకారుడు యూఫ్రోనియోస్ బొమ్మలు వేసిన కుండ 2008లో ఇటలీకి తిరిగి వెళ్లింది కూడా ఈ ప్రశ్న వల్లే.

రాతి మీద అక్షరాలు అరిగిపోతే పక్కనుంచి లైటు వేసి చూస్తారు. తడి కాగితం పరిచి బ్రష్‌తో తట్టి అచ్చు తీస్తారు. మన శాసన పరిశోధకులు సిరాతో తీసే అచ్చులకు ఇది దగ్గరి పద్ధతే. రాయి ముందు నిలబడే అవకాశం వచ్చిన విద్యార్థి ముందుగా వెతకాల్సింది ‘నకలు’, ‘ముక్క’, ‘చదవలేం’ అని రాసి వదిలేసిన పద్దులనే.