తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టకండి: రిపేరు బల్ల మీద రోజూ ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే మా బల్ల మీదికి వచ్చే ఫోన్లలో బియ్యం కనిపిస్తుంది. ఛార్జింగ్ పిన్నులో ఇరుక్కున్న నూక, స్పీకరు జాలీకి పట్టిన తెల్లటి పొడి, సిమ్ ట్రే తీస్తే రాలే తవుడు. నేను రాజమహేంద్రవరంలో ఫోన్ల లోపలి సర్క్యూట్ బోర్డు రిపేరు పని చేస్తాను. ఫోను ఎప్పుడు తడిసిందని అడిగితే చాలామంది ధీమాగా చెప్పే జవాబు ఒకటే: "నాలుగు రోజులైందండీ, వెంటనే బియ్యంలో పెట్టేశాం." ఆ నాలుగు రోజులే ఫోను ప్రాణం తీశాయని వాళ్ల ముఖం చూసి చెప్పడం నాకు ఎప్పటికీ అలవాటు కాదు.

ఫోన్ల మీద ఇష్టం ఉన్నవాళ్లు నలుగురు టీ కొట్టు దగ్గర చేరితే మాటలన్నీ మెగాపిక్సెళ్లు, ప్రాసెసర్లు, ఛార్జింగ్ వాట్ల చుట్టూ తిరుగుతాయి. ఆ మాటలు నాకూ ఇష్టమే. అయితే కొత్త మోడళ్ల గురించి అంత వివరంగా మాట్లాడేవాళ్లు కూడా ఫోను నీళ్లలో పడగానే వంటింట్లోకి పరుగెత్తుతారు. అందుకే ఈ ఒక్క విషయం తేలేదాకా మిగతావాటి జోలికి పోను.

అపోహ: బియ్యం నీటిని పీల్చేస్తుంది.

వాస్తవం: లోపల చేరిన నీటిని బియ్యం పీల్చలేదు. మిల్లులో ఆడిన బియ్యంలోనే 12 నుంచి 14 శాతం దాకా తేమ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలిలోంచి అది కొద్దిగా తేమ తీసుకుంటుందేమో కానీ, జిగురుతో మూసిన ఫోనులో, బోర్డు మీద అతికించిన రేకు షీల్డు కింద, ఐసీ (చిప్) అడుగున వెంట్రుకంత సందులో నిలిచిన నీటిచుక్కను బయటికి లాగే శక్తి దానికి లేదు. తవుడు, పిండి మాత్రం లోపలికి చేరి తడితో కలిసి ముద్దవుతాయి. తమ ఫోన్లను బియ్యం సంచిలో పెట్టవద్దని, చిన్న రేణువులు వాటిని పాడుచేయవచ్చని ఆపిల్ కంపెనీయే 2024లో తన సహాయ సూచనల్లో రాసింది.

"మా బావమరిది ఫోను బియ్యంలో పెడితేనే బాగుపడిందండీ" అంటారు. ఆ ఫోనులోకి నీళ్లు పెద్దగా పోలేదు, అంతే. దాన్ని ఉత్త పళ్లెంలో పెట్టినా, బీరువా మీద పెట్టినా ఆరేది. బాగుపడిన ఫోను కథ ఊరంతా చెప్పుకుంటారు. పోయిన ఫోను కథ నా బల్ల దగ్గరే ఆగిపోతుంది. ఈ వదంతి చావకపోవడానికి ఇదే కారణం.

అసలు నష్టం తడి వల్ల కాదు, తడి ఉండగా పారే కరెంటు వల్ల. ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ మీకే తోస్తాయి. ఫోను బ్యాటరీలో 3.7 నుంచి 4.4 వోల్టుల దాకా ఉంటుంది. మీరు స్విచ్ ఆఫ్ చేసినా బ్యాటరీ కనెక్టరు బోర్డుకు తగిలించే ఉంటుంది. పవర్ ఐసీకి, పవర్ బటన్ లైనుకు, లోపలి గడియారానికి కరెంటు అందుతూనే ఉంటుంది. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, వాటిలోంచి కరెంటు సులువుగా పారుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు లైన్ల మధ్య అలాంటి చుక్క ఒకటి నిలిస్తే చాలు, విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. ఒక వైపున్న రాగి, తగరం కరిగి రెండో వైపు సన్నటి ముళ్లలా పేరుకుంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే పచ్చటి తుప్పు, తెల్లటి పొరలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల కనెక్టరు కాళ్లే మిగలవు. మీ ఫోను బియ్యంలో ప్రశాంతంగా పడుకుని ఉందని మీరనుకునే సమయంలో లోపల జరుగుతున్న పని ఇది. నీరు ఆరాక కూడా లవణాలు అక్కడే ఉంటాయి. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా అవి మళ్లీ తడిసి, ఆగిన పని మళ్లీ మొదలవుతుంది.

"తడిశాక రెండు వారాలు బాగానే పనిచేసింది, ఇప్పుడెందుకు ఆగింది?" అనేవాళ్లకు కూడా జవాబు ఇదే.

కోనసీమ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కూతురు కువైట్‌లో ఇళ్లలో పని చేస్తోంది, మనవళ్లిద్దరినీ ఈవిడే పెంచుతోంది. ఫోను నీళ్ల బకెట్‌లో పడితే పక్కింటివాళ్లు చెప్పారని బియ్యంలో పెట్టింది. మూడో రోజు తీసి ఛార్జింగ్ పెట్టింది. ఫోను వేడెక్కి, మరి వెలగలేదు. "ఫోను పోతే పోయింది బాబూ, అమ్మాయి పంపిన మాటలు అందులో ఉన్నాయి" అంది. కూతురు రాత్రిపూట పంపే వాయిస్ మెసేజ్‌లవి. షీల్డు ఎత్తి చూస్తే పవర్ ఐసీ చుట్టూ తుప్పు. ప్రధాన లైను షార్ట్. మెమొరీ చిప్ తీసి వేరే బోర్డుకు వేయలేరా అని వెంట వచ్చిన మనవడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాన్ని తెరిచే తాళం అదే బోర్డు మీదున్న ప్రాసెసరుతో ముడిపడి ఉంటుంది. చిప్ ఒక్కటే తీసుకెళ్తే లోపలున్నది చదవలేం. ఆ బోర్డే లేచి నిలబడాలి. షార్ట్ తీశాం, ఐసీ మార్చాం, ప్రాసెసరు కింద కూడా తుప్పు చేరింది. బోర్డు లేవలేదు. మామ్మగారు ఏ పొరపాటూ చేయలేదు. అందరూ చెప్పిందే నమ్మింది. నా కోపమంతా తెలియకుండానే ధీమాగా చెప్పేవాళ్ల మీద.

అదే వానల్లో ఒక కాలేజీ కుర్రాడు కాలువలో పడిన ఫోను పట్టుకుని గంటలోపే వచ్చాడు. తీయగానే ఆఫ్ చేశాడు, మళ్లీ ఆన్ చేసి చూడలేదు, ఛార్జర్ దగ్గరికి పోలేదు. విప్పి, బ్యాటరీ కనెక్టరు తీసి, బోర్డు కడిగి, ఆరబెట్టి బిగించాం. సాయంత్రానికి ఫోను పట్టుకెళ్లాడు. ఆ ఫోను కంపెనీ గొప్పదేం కాదు, నీటిని, దుమ్మును ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ రేటింగు కూడా లేదు. త్వరగా రావడమే దాన్ని బతికించింది.

ఏం చేయాలో వరుసగా చెబుతాను. ఫోను తీయగానే ఆఫ్ చేయండి. స్క్రీన్ స్పందించకపోతే ఆ మోడల్‌కు ఉన్న బటన్లు నొక్కిపట్టి బలవంతంగా ఆఫ్ చేయండి. పనిచేస్తోందో లేదో చూద్దామని ఆన్ చేయవద్దు. నేను చూసే నష్టాల్లో ఎక్కువ భాగం ఆ ఆత్రం వల్లే. ఛార్జింగ్ అసలే వద్దు. పౌచ్ తీసి, సిమ్ ట్రే తీసి, పొడి గుడ్డతో తుడిచి, ఛార్జింగ్ పిన్ను కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి. గట్టిగా విదిలిస్తే ఒకచోట ఉన్న నీరు బోర్డంతా పరుచుకుంటుంది. హెయిర్ డ్రయ్యర్ వద్దు. వేడికి జిగురు మెత్తబడుతుంది, గాలి తోపుకు నీరు ఇంకా లోపలికి పోతుంది. ఎండలో పెట్టవద్దు, ఫ్రిజ్‌లో అసలు పెట్టవద్దు. తీసుకొచ్చేదాకా ఫ్యాను గాలి తగిలేలా ఉంచితే చాలు. ఎంత త్వరగా తెస్తే బోర్డు దక్కే ఆశ అంత ఎక్కువ.

షాపులో కూడా ఒక ప్రశ్న అడగండి: "షీల్డు తీసి బోర్డు కడుగుతారా?" బ్లోయర్‌తో పైపైన వేడిగాలి కొట్టి, ఆరిపోయిందని చేతిలో పెట్టే షాపులున్నాయి. అది సర్వీసు కాదు. ముందు బ్యాటరీ తప్పించాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేయాలి. అవసరమైతే బోర్డును ధ్వని తరంగాలతో శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేయాలి. తర్వాత మైక్రోస్కోపు కింద చూడాలి. నన్ను అడిగితే బోర్డు చూపించమని కూడా అడగండి. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు.

అపోహ: ఐపీ68 ఉంది కాబట్టి నీళ్లు ఏమీ చేయవు.

వాస్తవం: స్పెసిఫికేషన్లు కంఠతా వచ్చినవాళ్లను ముంచేది ఇదే. ఐపీ67 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు. ఐపీ68 అంటే అంతకన్నా కఠినంగా, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం. శాంసంగ్ తన గెలాక్సీ ఎస్ ఫోన్లకు మీటరున్నర అంటుంది, ఆపిల్ ఐఫోన్ 15కు ఆరు మీటర్లు అంటుంది, రెండూ అరగంటకే. ఈ పరీక్షలన్నీ కదలని మంచినీటిలో, కొత్త ఫోను మీద చేస్తారు. మీ ఫోను రెండేళ్ల పాతది, రెండుసార్లు కింద పడింది, ఒకసారి డిస్‌ప్లే కాంబో (అద్దం, తెర కలిపి) మార్పించారు. లోపలి రబ్బరు, జిగురు మొదటి రోజున ఉన్నట్టు ఉండవు. విశాఖ ఆర్కే బీచ్‌లో అలల్లో నిలబడి తీసే వీడియోకు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్‌కు, హోలీ రంగులకు, షవర్ కింద దూసుకొచ్చే నీటికి ఆ రేటింగు హామీ ఇవ్వదు. వారంటీ సంగతీ అంతే. నీటి నష్టాన్ని చాలా కంపెనీలు వారంటీలో చేర్చవు. నీరు తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కరు లోపల ఉంటుంది, సర్వీస్ సెంటర్‌వాళ్లు ముందు చూసేది దాన్నే. రేటింగు ఉన్న ఫోను మీద ఉప్పునీరు, టీ, మజ్జిగ పడితే మంచినీటితో పైపైన మెల్లగా కడిగి తుడవండి. రేటింగు లేని ఫోనుకు మాత్రం ఆ పని చేయవద్దు.

భయపడేవాళ్లకు ఒక మాట. ఛార్జర్ పెట్టగానే "తేమ ఉంది" అన్న హెచ్చరిక వస్తే ఫోను పోయినట్టు కాదు. పిన్నులో కాస్త చెమటో, వాన తుంపరో చేరింది, అంతే. కనీసం అరగంట ఆరనివ్వండి. మళ్లీ హెచ్చరిక వస్తే ఒక రోజంతా వదిలేయండి. అర్జెంటైతే, మీ ఫోనుకు ఆ సౌకర్యం ఉంటే, వెనక భాగం తుడిచి వైర్‌లెస్ ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. హెచ్చరికను మాత్రం తోసిపుచ్చి ఛార్జ్ చేయకండి, దూదిపుల్లలు దూర్చకండి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి రాగానే కెమెరా అద్దం మీద పట్టే పొగమంచు కూడా కాసేపట్లో పోతుంది. గంటలు గడిచినా అద్దం లోపలి వైపు అలాగే ఉంటే అప్పుడు చూపించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

రాత్రంతా ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పేలదు. నిండగానే ఫోనులోని సర్క్యూటే ఆపేస్తుంది. కానీ దిండు కింద పెట్టకండి. వేడే బ్యాటరీకి శత్రువు. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు మీ ఫోనులో ఉంటే వాడుకోండి, బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.

సున్నాకు దించి వందకు నింపాలన్నది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి అలవాటు. లిథియం అయాన్‌కు అది అక్కర్లేదు, పైగా మంచిది కాదు.

ఎక్కువ వాట్ల ఛార్జర్ పెడితే ఫోను కాలిపోదు. ఎంత కావాలో ఫోనే అడిగి తీసుకుంటుంది. ప్రమాదం రోడ్డు పక్కన దొరికే పేరులేని ఛార్జర్‌తో. దాని మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసి కొనండి.

108 మెగాపిక్సెళ్ల కెమెరా మామూలు మోడ్‌లో తీసేది చాలా ఫోన్లలో 12 మెగాపిక్సెళ్ల ఫొటోయే. తొమ్మిది పిక్సెళ్లను ఒకటిగా కలుపుతుంది. తక్కువ వెలుతురులో అది మేలే. కానీ అంకె చూసి డబ్బు పెట్టకండి, వెలుతురును పట్టే సెన్సరు సైజు చూడండి.

రీసెంట్ యాప్‌లన్నీ మాటిమాటికీ తుడిచేస్తే బ్యాటరీ మిగలదు. మళ్లీ తెరిచినప్పుడల్లా యాప్‌ను మొదటినుంచి లోడ్ చేయడానికి ఇంకాస్త ఖర్చవుతుంది.

ఉబ్బిన బ్యాటరీ విషయంలో మాత్రం ఒక్క నిమిషం ఆగండి. వెనక మూత లేచినా, స్క్రీన్ ఒక పక్క ఎత్తుగా కనిపించినా వెంటనే ఆఫ్ చేసి ఛార్జింగ్ మానండి. అదిమి మూత పెట్టకండి. సూదితో గుచ్చితే గాలి పోయి సర్దుకుంటుందని ఒక వీడియో తిరుగుతోంది. దాన్ని చూసి చేసిన ఒకాయన చేతికి కట్టుతో వచ్చాడు. లోపల ఉన్నది మండే వాయువు. గుచ్చితే పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతుంది, మంట వస్తుంది. తీసే పని షాపువాళ్లకు వదిలేయండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.

రిపేరుకు ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ చెప్పాల్సిందేనా అని, ముఖ్యంగా ఆడపిల్లలు, సందేహిస్తూ అడుగుతారు. అడగడం తప్పు కాదు. డిస్‌ప్లే, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ను మార్చడానికి మీ ఫొటోలు ఎవరికీ అక్కర్లేదు. శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేసి ఇస్తే మీ డేటా మూసే ఉంటుంది, పరీక్షలన్నీ చేసుకోవచ్చు. ఆ సౌకర్యం లేకపోతే మీ ఎదుటే పరీక్షించి చూపమనండి. సిమ్, మెమొరీ కార్డు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. ఫోను పనిచేస్తూ ఉంటే ముందు బ్యాకప్ తీసుకోండి. రసీదు మీద ఫోను గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరు రాయించుకోండి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే అది తెర మీద కనిపిస్తుంది.