మారికోపా షెరీఫ్ పీఠం: ఆరు గెలుపుల తర్వాత ఓటమి ఎందుకు వచ్చింది

2016 నవంబరు 8న అమెరికాలోని అరిజోనా రాష్ట్రం మారికోపా కౌంటీలో (మన జిల్లా లాంటిది) అధ్యక్ష పదవికి ఎక్కువ ఓట్లు రిపబ్లికన్ అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్‌కే పడ్డాయి. అదే బ్యాలెట్ మీద, అదే పార్టీ తరఫున ఏడోసారి షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) పదవికి నిలబడ్డ జో అర్పాయో మాత్రం పదికి పైగా శాతం తేడాతో ఓడిపోయారు. అంటే పార్టీని గెలిపించిన చేత్తోనే చాలామంది షెరీఫ్‌ను దించారు. దీని మూలాలు ఆ ఏటి ప్రచారంలో కాదు, అంతకు దశాబ్దం ముందు మొదలైన గస్తీల్లో ఉన్నాయి.

ముందు ఆ పదవి సంగతి. మన దగ్గర జిల్లా ఎస్పీ పనితీరు నచ్చకపోతే ప్రభుత్వం ఒక్క జీవోతో బదిలీ చేస్తుంది. మారికోపా షెరీఫ్‌ను గవర్నరు కూడా కదపలేరు. ప్రజలే ఎన్నుకోవాలని రాష్ట్ర రాజ్యాంగం చెబుతోంది. పదవీకాలం నాలుగేళ్లు, ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చు. అయిదుగురు సభ్యుల సూపర్‌వైజర్ల బోర్డు బడ్జెట్ ఇస్తుంది, కానీ పోలీసు పనిలో ఆదేశాలివ్వలేదు. సంతకాలు సేకరించి, గడువుకు ముందే పదవి నుంచి దించే రీకాల్ ఎన్నిక తెప్పించే దారి ఉన్నా, 2013లో అర్పాయో మీద ఆ ప్రయత్నం కావలసినన్ని సంతకాలు రాక ఆగిపోయింది.

ఫీనిక్స్, మెసా, చాండ్లర్ నగరాలకు సొంత పోలీసులున్నారు. షెరీఫ్ కింద పనిచేసే పోలీసులైన డిప్యూటీలు నగరాల పరిధిలో లేని ప్రాంతాల్లో, డబ్బు కట్టి ఒప్పందం చేసుకున్న చిన్న ఊళ్లలో గస్తీ తిరుగుతారు. కౌంటీ జైళ్లు మాత్రం మొత్తం షెరీఫ్ చేతిలోవే. చాండ్లర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు రోజూ చూసేది నగర పోలీసులనే అయినా, ఎవరినైనా అరెస్టు చేస్తే తీసుకెళ్లేది షెరీఫ్ జైలుకే. అందుకే బ్యాలెట్‌లో కింద ఎక్కడో ఉండే ఈ పేరును తేలిగ్గా తీసుకోకూడదు.

అర్పాయో 1932లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఇటలీ నుంచి వలస వచ్చినవారి ఇంట పుట్టారు. సైన్యంలో చేశాక వాషింగ్టన్‌లో, కొద్దికాలం లాస్ వేగస్‌లో పోలీసు ఉద్యోగం చేశారు. 1957లో ఫెడరల్ మాదకద్రవ్యాల విభాగంలో చేరి టర్కీ, మెక్సికోల్లో పనిచేశారు. చివరికి ఆ విభాగం అరిజోనా అధిపతిగా 1982లో రిటైరయ్యారు.

రాజకీయాల్లోకి దారి వేసింది మరొకరి వైఫల్యం. 1991లో ఫీనిక్స్ దగ్గరి బౌద్ధాలయంలో తొమ్మిది మందిని చంపేశారు. షెరీఫ్ టామ్ ఆగ్నోస్ మనుషులు అరిజోనాలోనే ఉన్న టూసాన్ నగర యువకులను పట్టుకొచ్చి గంటల తరబడి ప్రశ్నించి తప్పుడు ఒప్పుకోళ్లు రాబట్టారు. హత్యల్లో వాడిన తుపాకీ వేరేవాళ్ల దగ్గరిదని తర్వాత తేలింది. ఆ అపకీర్తి మీద 1992 ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) అర్పాయో ఆగ్నోస్‌ను ఓడించారు. ఒక్క పదవీకాలమే ఉంటానని అప్పట్లో మాటిచ్చారు.

1993లో కొరియా యుద్ధకాలం నాటి సైనిక గుడారాలతో ‘టెంట్ సిటీ’ జైలు తెరిచారు. వేసవిలో లోపల 50 డిగ్రీల సెల్సియస్ దాటేది. గులాబీ రంగు లోదుస్తులు, రోజుకు రెండే పూటల తిండి, సంకెళ్లతో వీధి పనులు టీవీల్లో ఆయనకు పేరు తెచ్చాయి. ఆ పేరే వరుసగా ఓట్లు తెచ్చింది.

2007లో ఫెడరల్ ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం వల్ల కొందరు డిప్యూటీలకు వలస చట్టాన్ని అమలు చేసే అధికారం వచ్చింది. కథ మలుపు తిరిగింది ఇక్కడే. చిన్న ట్రాఫిక్ తప్పు చూపి కారు ఆపడం, లోపలున్న లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవారి) కాగితాలు అడగడం రివాజైంది. 2009లో కేంద్రం వీధుల్లో వాడే అధికారాన్ని వెనక్కి తీసుకున్నా ఈ పద్ధతి ఆగలేదు. సిబ్బంది అటు మళ్లడంతో అసలు పోలీసు పని వెనకబడింది. అత్యవసర కాల్స్‌కు డిప్యూటీలు ఆలస్యంగా చేరుతున్నారని ఈస్ట్ వ్యాలీ ట్రిబ్యూన్ పత్రిక 2008లో లెక్కలతో బయటపెట్టింది; 2009లో దానికి పులిట్జర్ జర్నలిజం పురస్కారం వచ్చింది. ఒప్పందం ప్రకారం షెరీఫ్ కార్యాలయమే కాపలా కాసిన ఎల్ మిరాజ్ ఊరితో కలిపి 400కు పైగా లైంగిక నేరాల కేసులు సరిగా దర్యాప్తు కాలేదు. వాటిలో చాలామంది బాధితులు పిల్లలు. జైళ్లకే ఖర్చు చేయాల్సిన పన్ను డబ్బుతో గస్తీ ఉద్యోగులకు జీతాలిచ్చారనీ, ఎనిమిదేళ్లలో అలా దాదాపు 100 మిలియన్ డాలర్లు దారి తప్పాయనీ 2011లో కౌంటీ తేల్చింది.

అదే ఏడాది డిసెంబరులో, ఈ గస్తీల్లో జాతి వివక్ష ఉందంటూ లాటినోలు వేసిన మెలెండ్రెస్ కేసులో ఫెడరల్ జడ్జి జి. ముర్రే స్నో, కేవలం వలస అనుమానంతో ఎవరినీ నిర్బంధించవద్దని ఆదేశించారు. డిప్యూటీలు సుమారు ఏడాదిన్నర పాటు పట్టుకుంటూనే ఉన్నారు. 2013 మే తీర్పు జాతి ప్రాతిపదికన ఆపుతున్నారని తేల్చింది. ఆపై అమలును గమనించే కోర్టు మానిటర్, ప్రతి ట్రాఫిక్ స్టాప్ వివరాల నమోదు, ఒంటి మీద కెమెరాలు తప్పనిసరి అయ్యాయి. ఆ ఖర్చంతా కౌంటీ పన్ను చెల్లింపుదారుల మీద పడింది. సంప్రదాయ రిపబ్లికన్ ఓటరును దూరం చేసింది లాటినోల ఆగ్రహం కన్నా ఈ బిల్లులేనని నా అంచనా. 2012లోనే అర్పాయోకు వచ్చినవి సగానికి కాస్త పైన ఓట్లే.

2016లో ఆయన 12 మిలియన్ డాలర్లకు పైగా విరాళాలు సేకరించారు. అందులో ఎక్కువ భాగం ఇతర రాష్ట్రాల నుంచే వచ్చింది. డెమోక్రటిక్ ప్రత్యర్థి పాల్ పెన్జోన్ ఫీనిక్స్ పోలీసు శాఖలో 21 ఏళ్లు పనిచేసిన మాజీ సార్జెంట్. ముందస్తు ఓటింగ్ మొదలైన అక్టోబరు నెలలోనే, 2011 నాటి ఆదేశాన్ని పాటించనందుకు కోర్టు ధిక్కారం కింద అర్పాయోపై క్రిమినల్ అభియోగం వచ్చింది. అరిజోనాలో అధిక శాతం ఓట్లు పోస్టులో ముందే పడతాయి కాబట్టి, ఆ వార్త సరిగ్గా బ్యాలెట్ చేతిలో ఉన్నప్పుడే ఓటరుకు చేరింది.

2017 జులైలో దోషిగా తేలిన అర్పాయోకు ఆగస్టులో ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. పెన్జోన్ టెంట్ సిటీని మూసేశారు. 2020 ప్రైమరీలో అర్పాయో మళ్లీ నిలబడి, ఒకప్పటి తన చీఫ్ డిప్యూటీ జెరీ షెరిడన్ చేతిలో సుమారు ఆరు వేల ఓట్లతో ఓడారు. ఆ నవంబరులో షెరిడన్ పెన్జోన్ చేతిలో ఓడారు. 2024 జనవరిలో పెన్జోన్ రాజీనామా చేయగా, అదే పార్టీ వ్యక్తినే నియమించాలన్న నిబంధన మేరకు బోర్డు రస్ స్కిన్నర్‌ను కూర్చోబెట్టింది. 2024 ఎన్నికలో షెరిడన్ గెలిచారు. 2016లో అర్పాయోతో పాటు సివిల్ ధిక్కారానికి పాల్పడ్డారని జడ్జి స్నో తేల్చిన అధికారుల్లో ఆయన ఒకరు. మెలెండ్రెస్ ఉత్తర్వులను అమలు చేయాల్సిన బాధ్యత 2025 జనవరి నుంచి ఆయనదే.