వేరుశనగ వేళ్లలో ఎర్ర బుడిపెలు

నెల దాటిన వేరుశనగ మొక్కను తడి నేలలోంచి మెల్లగా పెకిలించి, వేళ్లకు అంటిన మట్టి కడిగి చూడండి. ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఇవి తెగులు కాదు. నులిపురుగు సోకితే వేరు తానే ఉబ్బుతుంది; ఈ బుడిపెలు వేరు పక్కన అంటుకుని ఉంటాయి, గిల్లితే ఊడొస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటే అది పనిచేస్తోంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలుపెట్టలేదు, ఆకుపచ్చగా మారితే దాని పని అయిపోయింది.

ఏమిటా పని? మొక్క తన ఆహారం తానే వండుకుంటుందని బడిలో చదివాం. ఎండ, నీరు, కార్బన్ డయాక్సైడ్‌తో ఆకులు చక్కెర తయారుచేస్తాయి, నిజమే. కానీ చక్కెర ఒక్కటీ చాలదు. ప్రొటీన్లకూ, ఆకుల్లోని పత్రహరితానికీ నత్రజని కావాలి. గాలిలో 78 శాతం నత్రజనే. అయినా దాని పరమాణువులు రెండేసి గట్టిగా ముడిపడి ఉంటాయి, ఆ ముడి విప్పడం ఏ మొక్కకూ చేతకాదు. ఎరువుల ఫ్యాక్టరీలు 400 డిగ్రీల పైన వేడిలో, విపరీతమైన ఒత్తిడితో విప్పుతాయి. బుడిపెలో కాపురముండే రైజోబియం కోవ బ్యాక్టీరియా మామూలు నేలలోనే విప్పేస్తుంది. ప్రతిఫలంగా మొక్క దానికి చక్కెర ఇస్తుంది.

ఇందులో ఒక పెద్ద చిక్కుంది. ముడి విప్పే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. బ్యాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి! అందుకే బుడిపెలో లెగ్‌హిమోగ్లోబిన్ తయారవుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కొద్దికొద్దిగా మాత్రమే అందిస్తుంది. గోటికి అంటిన ఎరుపు దానిదే. మొక్కల శాస్త్రంలో నాకు ఇంతకంటే అద్భుతంగా అనిపించేది మరొకటి లేదు.

వేరుశనగ వంటి పప్పుజాతి పైర్లు గాలి నత్రజనిని వాడుకోవడానికి ఈ బుడిపెలే కారణమని జర్మనీలో హెల్‌రీగెల్ 1886లో ప్రకటించాడు. వాటిలోని బ్యాక్టీరియాను 1888లో నెదర్లాండ్స్‌కు చెందిన బైయెరింక్ వేరుచేశాడు.

నేలలో నత్రజని దండిగా ఉంటే మొక్క బుడిపెలు తగ్గించుకుంటుంది. అందుకే మినుముకో, వేరుశనగకో యూరియా గుప్పించడం డబ్బు దండగ. వరికి ముందు జీలుగ, జనుము వంటి పప్పుజాతి పైర్లు చల్లి, పూత దశలో కలియదున్నితే అవి కూడబెట్టిన నత్రజని వరికి అందుతుంది. పప్పుజాతి పైరు ఎప్పుడూ వేయని పొలమైతే, ఆ పైరుకు సరిపడే రైజోబియం కల్చర్‌ను (పెంచి ఉంచిన బ్యాక్టీరియాను) విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తాలి. విత్తనశుద్ధి మందులు ముందు, కల్చర్ చివర.